స్కంధావారంలో పౌరులు

పురంలో ఉండేవాడు పౌరుడు. వ్యాకరణం చెప్పేటప్పుడు తద్ధితాలకు ఉదాహరణగా ఈ మాటను ఎన్నో ఏళ్ళు పాఠంలో వాడుకున్నాను. సాంఘికశాస్త్రం పంతులు సెలవు పెడితే ఆ గంట కూడా నాకే వచ్చేది కనుక, అదే పౌరుణ్ణి ఓటరుగా మళ్ళీ పరిచయం చేయవలసి వచ్చేది. అక్కడే చిక్కు. మా పిల్లల్లో సగంమంది ఉండేది పురంలో కాదు, దండులో.

సికిందరాబాదును పాతవాళ్ళు ఇప్పటికీ లష్కరు అంటారు. ఉజ్జయినీ మహంకాళి జాతరకు లష్కరు బోనాలన్న పేరు అందుకే. లష్కరు అంటే సైన్యం. సైన్యం విడిసిన చోటును మన కావ్యభాషలో స్కంధావారం అంటారు. 1798లో నిజాము ఈస్టిండియా కంపెనీతో సంధి చేసుకొన్న తరువాత హుసేన్ సాగరానికి ఉత్తరాన కంపెనీ పటాలాలు దిగాయి. 1806లో ఆ విడిదికి సికందర్ జా పేరు పెట్టారు. సైన్యం ఉన్నచోటికి వర్తకులు, దర్జీలు, వంటవాళ్ళు రాకుండా ఉండరు. డేరాల వెనుక బజారు, బజారు వెనుక ఊరు పెరిగాయి.

ఈ ఊరి తలరాత రెండుగా చీలింది 1945లో. బ్రిటిషువారు బజారు ప్రాంతాన్ని నిజాముకు తిరిగి అప్పగించారు. అక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. 1950లో అది కార్పొరేషను అయింది. 1960లో హైదరాబాదు కార్పొరేషనులో కలిసింది. జనరల్ బజారు, మోండా మార్కెట్టు అలా నగరానికి చెందాయి. తిరుమలగిరి, కొత్త బోయినపల్లి, పికెట్టు, రసూల్‌పురా వంటివి మాత్రం కంటోన్మెంటులోనే మిగిలిపోయాయి. 2011 జనాభా లెక్కల్లో అక్కడి జనం రెండు లక్షల పైచిలుకు. చిన్న పట్టణమంత అన్నమాట.

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో కంటోన్మెంటుల స్థానిక స్వపరిపాలన కేంద్ర జాబితాలో ఉంది. అంటే ఇంటిముందు మురుగుకాలువకు అంతిమ యజమాని ఢిల్లీలోని రక్షణ శాఖ. 2006 నాటి కంటోన్మెంటుల చట్టం ప్రకారం ఇక్కడి బోర్డు పూర్తిగా ఏర్పడినప్పుడు ఎనిమిది మంది ఎన్నికైన సభ్యులు, మరో ఎనిమిది మంది అధికారులు. అధ్యక్షుడు స్థానిక సైనికాధికారి. ఓట్లు సమానమైతే నిర్ణయించే ఓటు ఆయనదే. ప్రజలు ఎన్నుకొన్నవారు ఎంత ఐకమత్యంగా ఉన్నా మెజారిటీ కాలేరు! అయినా వారు ఉండడానికీ లేకపోవడానికీ చాలా భేదముంది. నీళ్ళు రాని నాడు ఆడవాళ్ళు బిందెలతో వెళ్ళి నిలదీయడానికి వార్డుకు ఒక గుమ్మమైనా ఉండేది.

ఆ ఎనిమిది వార్డులకు ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. ఐదేళ్ళు 2020 ఫిబ్రవరిలో నిండాయి. గడువు రెండుసార్లు పొడిగించారు. 2021 ఫిబ్రవరిలో చట్టంలోని మరో వెసులుబాటును వాడి, ముగ్గురితో బోర్డు వేశారు: సైనికాధికారి, ముఖ్య కార్యనిర్వహణాధికారి, కేంద్రం నామినేట్ చేసిన ఒక పౌరుడు. తరువాత పొడిగింపు మీద పొడిగింపు. 2023 ఫిబ్రవరిలో దేశంలోని 57 కంటోన్మెంటులకు ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటన వెలువడింది. నెల తిరిగేసరికి మార్చి 17న దాన్ని ఉపసంహరించారు. 2024 ముగిసేవరకు ఇక్కడ ఎన్నిక లేదు.

ఇదే నేలమీద జరిగిన మరో సంగతి చూడండి. కంటోన్మెంటు శాసనసభ్యురాలు లాస్య నందిత 2024 ఫిబ్రవరి 23న రోడ్డు ప్రమాదంలో మరణించారు. మే 13న ఉపఎన్నిక జరిగిపోయింది. మూడు నెలలైనా పట్టలేదు. ఖాళీని ఆరు నెలల్లో నింపాలని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతున్నది మరి. అదే రోజు ఆ ఓటర్లు లోక్‌సభకూ ఓటు వేశారు. (కంటోన్మెంటు సికిందరాబాదు లోక్‌సభ స్థానంలో లేదు, మల్కాజిగిరిలో ఉంది. పేరు చూసి పొరబడేవారు చాలామంది.) 2015 జనవరికి పదిహేడేళ్ళున్న పిల్లవాణ్ణి ఊహించుకోండి. 2018, 2023 శాసనసభ ఎన్నికలు, 2019, 2024 లోక్‌సభ ఎన్నికలు, ఆ ఉపఎన్నిక కలిపి ఐదు ఓట్లు వేసి ఉంటాడు. తన వీధి దీపం గురించి మాత్రం ఒక్కటీ వేసి ఉండడు.

ఓటు లేనిచోట జనం ఊరక కూర్చున్నారని కాదు. సైన్యం కొన్ని దారులు మూసివేసినప్పుడు కాలనీల సంఘాలు కోర్టుకెక్కాయి, మంత్రులకు మహజర్లు ఇచ్చాయి. 2018 మేలో దేశమంతటా కంటోన్మెంటుల్లో మూసిన దారులు తెరవమని రక్షణ శాఖ ఆదేశించింది. వారి పట్టుదలకు నమస్కారం. కాని అర్జీ పెట్టేవాడు వేరు, ఓటు వేసేవాడు వేరు. అర్జీదారు దయను కోరతాడు. ఓటరు లెక్క అడుగుతాడు. రాజుల కాలంలోనూ అర్జీలున్నాయి.

పౌర ప్రాంతాలను నగరపాలక సంస్థలో కలిపివేస్తే తీరిపోతుందని చాలామంది మిత్రుల వాదన. హిమాచల్ ప్రదేశ్‌లోని యోల్ కంటోన్మెంటును 2023లో అలాగే రద్దు చేశారు. ఆ వాదనలో బలముంది. కాని హైదరాబాదు కార్పొరేషను చరిత్ర తెలిసినవాణ్ణి గనుక పూర్తిగా తల ఊపలేను. 1991లో పాలకవర్గం గడువు తీరాక, మళ్ళీ ఎన్నికలు జరిగింది 2002లో. మధ్యలో, 1993లో, గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలని 74వ సవరణ అమలులోకి వచ్చింది కూడా. పదకొండేళ్ళు నడిబజారువారూ ప్రత్యేకాధికారి గుమ్మం ముందు అర్జీదారులే.