యోఫీ, జింగిల్స్, ఎల్లీ

వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ రోగులతో మాట్లాడే గదిలో గడియారం చూడాల్సిన పని ఉండేది కాదట. రోగి సమయం ముగియగానే ఆయన పెంచుకున్న చౌ జాతి కుక్క యోఫీ లేచి ఆవలించేదట. ఈ ముచ్చట చెప్పింది ఆయన కొడుకు మార్టిన్.

ఇది చదివిన దగ్గర్నుంచీ వైద్యుడి పక్కన జంతువులు ఎప్పుడు చేరాయా అని వెతుకుతున్నాను. 1796లోనే ఇంగ్లండులోని యార్క్‌లో విలియం ట్యూక్ తెరిచిన 'రిట్రీట్' కనిపించింది. మానసిక రోగులను గొలుసులతో కట్టేసే కాలంలో అక్కడ వాళ్ళ మధ్య కుందేళ్ళు, కోళ్ళు తిరిగేవి. తర్వాత ఆసుపత్రులు పెద్దవయ్యాయి, నియమాలు పెరిగాయి, జంతువులు గేటు బయటికి పోయాయి. శుభ్రత కావాల్సిందే. దాంతోపాటు ఏం పోగొట్టుకున్నామో ఎవరూ పట్టించుకోకపోవడమే బాధ.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 1953 నాటిది. న్యూయార్క్‌లో పిల్లల మనస్తత్వ నిపుణుడు బోరిస్ లెవిన్సన్ దగ్గరికి, ఎవరితోనూ కలవని ఒక పిల్లాణ్ణి తీసుకొచ్చారు. అప్పటికే చాలా చికిత్స అయింది, ఆసుపత్రిలో చేర్చమన్నారు కూడా. వాళ్ళు చెప్పిన వేళకు గంట ముందే వచ్చేశారు. ఆయన రాసుకుంటుంటే ఆయన కుక్క జింగిల్స్ బల్ల దగ్గరే పడుకుని ఉంది. పరుగున వెళ్ళి పిల్లాణ్ణి నాకేసింది. వాడు బెదరలేదు సరికదా, దగ్గరికి లాక్కుని నిమిరాడు. దీంతో ఆడుకోవడానికి మళ్ళీ రావచ్చా అని అడిగాడు. తర్వాత కొన్నాళ్ళు వాడికి కుక్కే లోకం, లెవిన్సన్ ఉన్నాడో లేడో కూడా పట్టలేదు. మెల్లగా ఆయన్నీ ఆటలో చేర్చుకున్నాడు. ఈ సంగతి 1961లో మనస్తత్వ నిపుణుల సభలో చెబితే, ఫీజులో కుక్క వాటా ఎంతని కొందరు వెటకారం చేశారు. అంత చదువుకున్నవాళ్ళు ఆ పిల్లాడి గురించి అడగాల్సింది! ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు, మరుసటి ఏడాదే వ్యాసం అచ్చయింది.

అక్కణ్ణుంచి ఒక్కసారిగా 2003కి, సియాటిల్‌కు వద్దాం. ఈసారి కుక్క చేరింది వైద్యుడి పక్కన కాదు, సాక్షి పక్కన. ప్రాసిక్యూటర్ ఎలెన్ ఓనీల్-స్టీఫెన్స్ తన కొడుకుకు తోడుండే శిక్షణ పొందిన కుక్క జీటర్‌ను కోర్టుకు తీసుకెళ్ళారు. సాక్ష్యం చెప్పలేక వణికే పిల్లలకు అది ధైర్యమైంది. మరుసటి ఏడాది ఎల్లీ అనే లాబ్రడార్ ఏకంగా ప్రాసిక్యూటర్ కార్యాలయంలోనే చేరింది. పక్కవాళ్ళు ఏడ్చినా, గొంతు పెంచినా కదలకుండా పడుకోవడం ఈ కుక్కల చదువు.

ఒక కేసులో మానసిక ఎదుగుదల లోపం ఉన్న ఒకాయన ఎల్లీని పక్కన పెట్టుకుని సాక్ష్యమిస్తే, జ్యూరీకి జాలి కలుగుతుందని నిందితుడి తరఫువారు పైకోర్టుకెక్కారు. కుక్క ఉన్నందుకు ఏ అభిప్రాయానికీ రావద్దని కింది కోర్టు జడ్జి జ్యూరీకి చెప్పారు. 2013లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఎల్లీని అనుమతించడంలో తప్పులేదంది.