సంఖ్యావాచక పూర్వపదాలు: సెప్టెంబరు సాక్ష్యం

ఆంగ్లపదాలలోని గ్రీకు, లాటిన్ సంఖ్యావాచక పూర్వపదాలను తత్సమాల తోడుతో గుర్తించడం తెలుగు విద్యార్థికి సులభం. ట్రైపాడ్‌లో త్రి, పెంటగాన్‌లో పంచ, ఆక్టోపస్‌లో అష్ట, డెకేడ్‌లో దశ స్ఫురిస్తాయి. ట్రైపాడ్ ఉత్తరార్ధం కూడా పాదశబ్దానికి జ్ఞాతియే. ఈ పోలికను ఆధారం చేసుకొని సెప్టెంబరు ‘సప్తాంబరం’ నుంచి పుట్టిందనే వాదం ప్రచారంలో ఉంది. అది నిలవదు.

రోమన్ల ప్రాచీన పంచాంగంలో మార్చి సంవత్సరాది. కనుక సెప్టెంబరు ఏడవ నెల, డిసెంబరు పదవ నెల. సంవత్సరారంభం జనవరికి మారినా ఈ పేర్లు మారలేదు. ఐదవదైన క్వింటిలిస్‌కు క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు పేరు, ఆరవదైన సెక్స్‌టిలిస్‌కు క్రీ.పూ. 8లో అగస్టసు పేరు రావడంతో ఆ రెంటిలో సంఖ్య మరుగుపడింది.

సప్త, సెప్టెమ్, హెప్టా శబ్దాలది జన్యజనక సంబంధం కాదు, సోదరత్వం. అచ్చుకు ముందున్న పదాది సకారాన్ని లాటిన్ నిలుపుకొన్నది. గ్రీకులో అది హకారమైంది. ఈ మూడు భాషలకు మూలం ఒకటే కావచ్చునని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రతిపాదించాడు.

ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది మాత్రం ఈ వరుసలో చేరవు. తెలుగు సంస్కృతజన్యం కాదని ఎల్లిస్ 1816లోనే క్యాంబెల్ తెలుగు వ్యాకరణపు పీఠికకు చేర్చిన వివరణలో ప్రతిపాదించాడు.