తల్లి చాకిరీకి లెక్క

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో ఒక చిన్న నిబంధన వుండేది. పని జరిగే చోటికి కూలి తల్లులు వెంట తెచ్చుకున్న పసిబిడ్డలు అయిదుగురో, అంతకు మించో వుంటే, ఆ స్త్రీలలోనే ఒకరిని బిడ్డలను చూసుకోవటానికి నియమించాలి. మట్టి తవ్వేవారితోపాటు ఆమెకూ కూలి ఇవ్వాలి. బిడ్డను కనిపెట్టి వుండటం శ్రమేననీ, దానికి వెల వున్నదనీ భారత ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకున్న సందర్భం అది. కాని ఆ శ్రమ చెట్టు కింద, పదిమంది బిడ్డలకోసం జరిగినప్పుడే కూలి. అదే స్త్రీ ఇంట్లో, మెడ నిలవని తన బిడ్డకు ఇరవై ఏళ్లు అన్నం పెట్టి, నీళ్లు పోసి, బట్టలు మారిస్తే అది శ్రమ కాదు, మమకారం! ఈ మమకారమనే మాట చాటున ఎంత చాకిరీ లెక్కకు రాకుండా పోయిందో కొంచెం పరిశీలిద్దాం.

మా రామసముద్రం కర్ణాటక సరిహద్దున వున్న మెట్ట ప్రాంతం. బోరు పారినచోట టమాటా వేస్తారు. కాయ కోతకు ఆడవాళ్లు పోతారు. కాయ మదనపల్లె మార్కెట్టుకు పోతుంది. పనులు లేని రోజుల్లో మగవాళ్లు బెంగుళూరు దారి పడతారు. ఇటువంటి ఇంట కదలలేని బిడ్డ వుంటే ముందుగా తెగిపోయేది తల్లి కూలి. నేనెరిగిన ఇళ్లలో బిడ్డకోసం తండ్రి పని మానుకున్న ఇల్లు ఒక్కటీ లేదు. ఖర్చు పెరుగుతుంది, ఇద్దరి కూలి ఒకరి కూలి అవుతుంది. సర్కారు కొలిచేది మాత్రం బిడ్డ వైకల్యం ఎంత శాతమని.

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. చూసుకునేవారికి భత్యమనే మాట అందులో లేదు. 2009లో కేంద్రం ఇందిరాగాంధీ పేర పెట్టిన వికలాంగ పింఛను పద్దెనిమిదేళ్లు నిండినవారికే. అంటే తల్లి భుజం మీద బరువు పడే ఏళ్లన్నీ ఆ పథకానికి బయటే. 2016లో కొత్త చట్టం వచ్చింది. 2017 ఏప్రిల్ 19న అమలయింది. వైకల్యాలు ఇరవై ఒకటయినాయి. దాని 24వ సెక్షనులో, అధిక సహాయం కావలసినవారికి సంరక్షక భత్యం ఇచ్చే పథకాలు పెట్టాలని మొదటిసారి రాశారు. రాసినవారే 'ఆర్థిక శక్తి పరిమితిలో' అని కూడా చేర్చారు. ప్రభుత్వం జారిపోవటానికి అంత సందు చాలదూ?

ఆ చట్టానికి ముందే కేరళ ఆశ్వాసకిరణం అనే పథకం పెట్టి, మంచం పట్టినవారిని చూసుకునే వ్యక్తికి నెలకు 600 రూపాయలు ఇవ్వసాగింది. ఆ డబ్బుతో పూట గడవదు. అయినా అది చూసుకునే మనిషి పేర వచ్చే డబ్బు. తేడా అక్కడ వున్నది. మా పొలిమేర దాటితే వచ్చే కర్ణాటక కూడా 2024-25 బడ్జెట్టులో, మస్తిష్క పక్షవాతం, కండరాల క్షీణత వంటి జబ్బులున్నవారిని చూసుకునేవారికి నెలకు వెయ్యి రూపాయలు ప్రకటించింది.

ఆంధ్రప్రదేశ్ ఇచ్చే మొత్తం వీటికన్నా చాలా పెద్దది. ఆ మాట దాచటం న్యాయం కాదు. 2019లో 3,000 అయిన వికలాంగ పింఛను 2024 జులైలో 6,000కు పెరిగింది. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 5,000 నుంచి 15,000 అయింది. దీనివల్ల ఎన్నో ఇళ్లలో మందులకు అప్పు చేయవలసిన అవసరం తప్పింది. కాని ఈ పింఛను శరీరాన్ని చూస్తుంది, శ్రమను చూడదు. నడవగలిగిన, బుద్ధి ఎదగని పిల్లవాడు బావి వైపు పోకుండా, రోడ్డెక్కకుండా పగలూ రాత్రీ కాపు కాయవలసిన తల్లికి, పడుకోబెట్టిన బిడ్డ తల్లికన్నా తీరిక ఎక్కువా? పిల్లవాడు నడుస్తాడు కనుక ఆ ఇంటికి 6,000 మాత్రమే. 2025 జనవరిలో 15,000 పింఛనుదారుల ఇళ్లకు వైద్య బృందాలు తనిఖీకి వెళ్లాయి. వారు పరీక్షించింది బిడ్డల అవయవాలను. తల్లి పని గంటలు ఎవరికీ ప్రశ్న కాలేదు.

ఇది మన దేశపు అజ్ఞానమేనని అనుకోనక్కరలేదు. బ్రిటన్‌లో 1976లో, అశక్తులను చూసుకోవటానికి ఉద్యోగం మానినవారికి భత్యం మొదలయింది. భర్తతో వున్న వివాహితలకు మాత్రం లేదన్నారు. వాళ్లు ఎట్లాగూ ఇంట్లోనే వుంటారు గదా అన్నది వాదం! తన తల్లికోసం ఉద్యోగం వదులుకున్న జాక్వెలిన్ డ్రేక్ అనే వివాహిత దీనిపై దావా వేసింది. 1986 జూన్‌లో యూరపు న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పు చెప్పింది. పదేళ్లపాటు ఆ దేశపు ప్రభుత్వం ఏ స్త్రీల భుజాల మీద అత్యధిక భారం వున్నదో వారినే చట్టం వెలుపల నిలిపింది. మన పింఛను కాగితంలో తల్లి పేరు లేకపోవటానికి మూలం కూడా ఆ 'ఎట్లాగూ ఇంట్లోనే' అన్న మాటే.

చూసుకునే మనిషి పేరనే భత్యం కావాలనటం అందుకే. అది వ్యవసాయ కూలి రేటుతో ముడిపడి వుండాలి. శాతంతో కాక, రోజుకు ఎన్ని గంటల చాకిరీ అన్నదానితో నిర్ణయం కావాలి. బ్రిటన్‌లో చూసుకోబడే మనిషి చనిపోయిన తర్వాత కూడా ఎనిమిది వారాలు భత్యం ఇస్తారు. ఇక్కడ బిడ్డ కన్నుమూస్తే పింఛను ఆగిపోతుంది. ఇరవై ఏళ్లుగా కోతకు పోని స్త్రీని మేస్త్రీ పనికి పిలవడు. భర్త వున్నాడు కనుక వితంతు పింఛను లేదు. వృద్ధాప్య పింఛనుకు ఆమె అరవై నిండేదాకా ఆగాలి.