పొగలేని బొగ్గు

మన వంటయిండ్లలో స్త్రీల కన్నీటికి పొగ కారణమని యెల్లరు నెఱుగుదురు. ఆ పొగ కాలక పాఱిపోవు నింధనమే యని తలంచువారు తక్కువ. 12 గ్రాముల కర్బనము చక్కగా కాలి బొగ్గుపులుసు గాలియైనచో సుమారు 394 కిలోజౌళ్ల వేడిమి పుట్టును. గాలి చాలక కార్బను మోనాక్సైడుగా నిలిచినచో 110 మాత్రమే.

హైదరాబాదులో తార్నాకనుండి ఉప్పలునకు పోవు బాటపై, నాచారమునకు అనతిదూరమున, నొక రసాయన పరిశోధనాలయము గలదు. నిజాము కాలమున 1944లో పుట్టిన యీ సంస్థ 1956లో ప్రాంతీయ పరిశోధనాలయమై, 1989నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యనబడుచున్నది. డాక్టరు సయ్యదు హుస్సేను జహీరు నిర్వహణకాలమున నిచట సింగరేణి బొగ్గునుండి పొగలేని యింధనమును దీయు ప్రయత్నము సాగెను. బొగ్గును గాలి సోకని పాత్రలో సుమారు 600, 700 డిగ్రీలవఱకు కాచినచో తారును వాయువులును వెలువడి, పొగలేని బొగ్గు మిగులును. ఇందులకు ముందుగా వేడిమిని పెట్టుబడి పెట్టవలయును. వెలువడిన వాయువునే మండించి యా ఋణమును తీర్పవచ్చును. ఇల్లాండ్రు కన్నులతో చెల్లించు సుంకమును కొలిమియే చెల్లించునన్నమాట!

అయినను పొగ లేనంతమాత్రమున విషము లేదనరాదు. తలుపులు బిగించిన గదిలో నీ బొగ్గును మోనాక్సైడునే యిచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు, కన్ను మండదు.