టైన్‌హామ్

టైన్‌హామ్ ఇంగ్లాండు దేశపు దక్షిణ తీరాన, డోర్సెట్ కౌంటీలో ఉన్న ఒక నిర్జన గ్రామం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1943 డిసెంబరులో, సైనిక శిక్షణ కొరకు బ్రిటిషు ప్రభుత్వం ఈ ఊరిని ఖాళీ చేయించింది. యుద్ధం ముగిసిన పిమ్మట తమ ఇళ్లకు తిరిగి రాగలమని గ్రామస్థులు నమ్మారు. కాని 1948లో ప్రభుత్వం ఈ భూమిని నిర్బంధ భూసేకరణ ద్వారా శాశ్వతంగా స్వాధీనం చేసుకున్నది. అప్పటి నుండి ఇక్కడ ఎవరూ కాపురముండలేదు. చర్చి, పాఠశాల, పైకప్పులు లేని ఇళ్ల గోడలు మాత్రం మిగిలి ఉన్నాయి.

ఉనికి

టైన్‌హామ్ పర్బెక్ ద్వీపం అనే ప్రాంతంలో ఉంది. పేరులో ద్వీపమని ఉన్నప్పటికీ ఇది నిజానికి ద్వీపకల్పం. గ్రామం రెండు సున్నపురాతి గుట్టల వరుసల మధ్య లోయలో ఉంది. లోయ పడమటి కొసన వార్‌బారో అఖాతం ఉంది. ఈ తీరం 2001లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన జురాసిక్ తీరంలో భాగం. సమీపంలోని పట్టణం వేర్‌హామ్.

పూర్వ చరిత్ర

అఖాతానికి ఎగువన కొండ అంచున ఫ్లవర్స్ బారో అనే ఇనుప యుగపు కోట ఆనవాళ్లు ఉన్నాయి. కొంత భాగం సముద్రపు కోతకు గురై కూలిపోయింది. 1086లో ఇంగ్లాండు రాజు విలియం చేయించిన భూముల లెక్కల గ్రంథమైన డూమ్స్‌డే బుక్‌లో ఈ ఊరి పేరు టిగెహామ్ అని ఉంది. మేకల దొడ్డి అని ఆ పేరుకు అర్థం చెబుతారు. సెయింట్ మేరీ చర్చి మధ్యయుగం నాటిది. 19వ శతాబ్దంలో దానికి మార్పులు, చేర్పులు జరిగాయి.

బాండ్ కుటుంబం

1683లో నథానియల్ బాండ్ ఈ ఎస్టేటును కొనుగోలు చేశాడు. అది మొదలు 1943 వరకు, అంటే 260 సంవత్సరాల పాటు, ఊరు బాండ్ కుటుంబం చేతిలోనే ఉంది. పొలాలు, ఇళ్లు వారి ఆస్తి. గ్రామస్థులలో అత్యధికులు వారి కౌలుదారులు, అద్దెదారులు, పనివారు. చర్చిలో ఈ కుటుంబీకుల స్మారక ఫలకాలు ఉన్నాయి. ఖాళీ చేసిన నాటికి ఎస్టేటు యజమాని రాల్ఫ్ బాండ్. అదే కుటుంబానికి చెందిన లిలియన్ బాండ్ తన బాల్యం నాటి ఊరిని గురించి వ్రాసిన పుస్తకం 1956లో వెలువడింది. గ్రామ జీవితానికి అది ముఖ్యమైన ఆధారం.

ఇతర కుటుంబాలు

ఊరిలో రైతులు, గొర్రెల కాపరులు, వ్యవసాయ కూలీలు, వార్‌బారో తీరాన జాలరులు ఉండేవారు. తీరంలోని మిల్లర్ కుటుంబం తరతరాలుగా చేపల వేటతో జీవించింది. టేలర్ కుటుంబం బాండ్ల భవంతికి సంబంధించిన బట్టలు ఉతికే పని చూసేది. వారి ఇంటిని లాండ్రీ కాటేజ్ అనేవారు. ఆ ఇంటి కుమార్తె హెలెన్ టేలర్ కుట్టుపని చేసేది. ఆమె 1999లో మరణించగా చితాభస్మాన్ని టైన్‌హామ్‌లోనే ఉంచారు.

కట్టడాలు

టైన్‌హామ్ హౌస్: ఎలిజబెత్ రాణి కాలంలో, 16వ శతాబ్దంలో నిర్మించిన భూస్వామి భవంతి. ఖాళీ చేయించడానికి ముందే వైమానిక దళం దీనిని వాడుకొనడానికి తీసుకున్నది. తరువాత ఆలనాపాలనా లేక శిథిలమైంది. 1960వ దశకం చివరలో ప్రభుత్వమే దీనిలో చాలా భాగాన్ని కూల్చివేసింది. చెక్కిన రాళ్లు కొన్ని డోర్సెట్‌లోని ఇతర పాత భవంతులకు చేరాయి. ఊరికి జరిగిన నష్టాలలో ఇది అతి పెద్దదని చరిత్ర ప్రియుల అభిప్రాయం.

పాఠశాల: 19వ శతాబ్దంలో కట్టిన ఒకే గది బడి. పిల్లలు తగ్గిపోవడంతో 1932లో మూతపడింది. అంటే సైన్యం రాకముందే ఊరి జనాభా క్షీణించడం మొదలయింది. బడిని పునరుద్ధరించి, బల్లలతో, పిల్లల పేర్లు గల కోటు కొక్కేలతో ప్రదర్శనశాలగా ఉంచారు.

పోస్టాఫీసు వరుస: ఊరి వీధిలో ఒకదానినొకటి ఆనుకొని ఉన్న ఇళ్లు. ఒక ఇంటిలో పోస్టాఫీసు, దుకాణం ఉండేవి. దాని ముందు 1929లో కాంక్రీటు టెలిఫోన్ పెట్టెను నెలకొల్పారు. 1985లో ఒక చలనచిత్రం షూటింగ్‌లో అది దెబ్బతినగా, అదే నమూనా పెట్టెను మరొకదానిని తెచ్చి పెట్టారు.

ఖాళీ చేయించడం

పక్కనే ఉన్న లల్వర్త్‌లో మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుండే ట్యాంకుల కాల్పుల శిక్షణ జరిగేది. ఐరోపా ఖండంపై దాడికి సన్నాహాలు సాగుతున్నందున 1943లో మరింత స్థలం అవసరమైంది. నవంబరు 16 తేదీతో గ్రామస్థులకు ఉత్తరాలు అందాయి. డిసెంబరు 19 లోగా వెళ్లిపోవాలని వాటి సారాంశం. టైన్‌హామ్, దాని పరిసరాలలో కలిపి సుమారు 7,500 ఎకరాలు ఖాళీ అయ్యాయి. 225 మంది తమ ఇళ్లు విడిచారు. విల్ట్‌షైర్ కౌంటీలోని ఇంబర్ గ్రామం కూడా అదే నెలలో ఖాళీ అయింది.

వెళ్లేవారు చర్చి తలుపుపై ఒక చీటీ అంటించారు. యుద్ధంలో గెలుపు కొరకు తరతరాల ఇళ్లను వదులుతున్నామని, ఒకనాడు తిరిగి వస్తామని, చర్చిని, ఇళ్లను జాగ్రత్తగా చూడమని అందులో సైనికులను కోరారు.

తిరిగి వచ్చే ప్రయత్నాలు

యుద్ధానంతరం సోవియట్ యూనియన్‌తో ఉద్రిక్తతలు పెరగడంతో సైన్యం ఈ క్షేత్రాన్ని వదులుకోలేదు. 1948 నాటి భూసేకరణలో భూమి విలువ భూస్వామికి దక్కింది. అద్దెకున్నవారికి సొంత భూమి లేదు కనుక వారికి అందిన పరిహారం స్వల్పం. వారిలో కొందరికి వేర్‌హామ్ దగ్గరి శాండ్‌ఫోర్డ్‌లో ప్రభుత్వ గృహాలు లభించాయి.

1968లో రచయిత రాడ్నీ లెగ్ నాయకత్వంలో టైన్‌హామ్ యాక్షన్ గ్రూప్ ఏర్పడి ఊరిని తిరిగి ఇవ్వాలని ఉద్యమించింది. రక్షణ శాఖ భూములపై నియమించిన నూజెంట్ కమిటీ 1973లో లల్వర్త్ శిక్షణను వేల్స్‌లోని కాసిల్‌మార్టిన్‌కు తరలించాలని సిఫారసు చేసింది. 1974లో ప్రభుత్వం దీనిని తిరస్కరించింది. అయితే ప్రజలకు ప్రవేశం కల్పించడానికి అంగీకరించింది. 1975 నుండి నడక దారులు తెరిచారు.

ప్రస్తుత స్థితి

ఈ ప్రాంతం రక్షణ మంత్రిత్వ శాఖ అధీనంలో ఉంది. కాల్పులు లేని రోజులలో, ముఖ్యంగా చాలా వారాంతాలలో, సెలవు దినాలలో, సందర్శకులను అనుమతిస్తారు. పేలని గుండ్లు ఉండవచ్చు కనుక గుర్తించిన దారులు దాటరాదు. చర్చిలో గ్రామ కుటుంబాల చరిత్రను తెలిపే ప్రదర్శన ఉంది.

దశాబ్దాలుగా ఆధునిక వ్యవసాయం, రసాయనిక ఎరువులు, కొత్త కట్టడాలు లేనందున ఇక్కడి గడ్డిమైదానాలు, అడవి మొక్కలు, పక్షులు నిలిచాయి. ఊరిని తీసుకున్న సైన్యమే లోయను కాపాడిందని కొందరు వాదిస్తారు. ఇళ్లు కోల్పోయినవారికి మాత్రం ఈ వాదన ఊరట కలిగించలేదు.