చూపు మాటల వెనుక చరిత్ర

ఎదుటివారు చెప్పింది అర్థమైతే ఇంగ్లీషులో ‘ఐ సీ’ అంటారు. పదానికి పదం తీసుకుంటే ‘నేను చూస్తున్నాను’ అని అర్థం. నిజానికి అక్కడ కంటితో చూడవలసిన వస్తువేదీ ఉండదు. బోధపడిందని చెప్పడానికే ఆ మాట. భవిష్యత్తును ఊహించగలవారికి ‘విజన్’ ఉందంటారు. లోతుగా గ్రహించడం ‘ఇన్‌సైట్’. ఒకరు ఆలోచించే తీరు వారి ‘పాయింట్ ఆఫ్ వ్యూ’. ఇంగ్లీషు నేర్చుకునే విద్యార్థి ఇవన్నీ జాతీయాలుగా కంఠస్థం చేస్తాడు. వాటి వెనుక రెండు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో కొంత భాషా చరిత్ర, కొంత విజ్ఞానశాస్త్ర చరిత్ర. ఈ రెండింటిలోనూ మన దేశానికి భాగం ఉంది.

చూడటం, తెలుసుకోవడం

1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ చేసిన ప్రసంగం భాషాశాస్త్రంలో ఒక మలుపు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని ఆయన అందులో ప్రతిపాదించారు. తరువాతి పండితులు పోల్చి చూసిన ధాతువులలో ‘విద్’ ఒకటి. సంస్కృతంలో దీనికి ‘తెలుసుకొను’ అని అర్థం. వేదం, విద్య, విద్వాంసుడు దీని నుంచే వచ్చాయి. అదే కుటుంబానికి చెందిన లాటిన్ మాట ‘విడేరె’కు మాత్రం ‘చూచు’ అని అర్థం. వీడియో, విజన్ అక్కడివి. గ్రీకు నుంచి వచ్చిన ‘ఐడియా’, ఇంగ్లీషు ‘వైజ్’ కూడా ఈ కుటుంబంలోనివే. అంటే ఒకే మూలం ఒకచోట చూపుగా, మరొకచోట జ్ఞానంగా ఎదిగింది.

తెలుగు ఆ కుటుంబానికి చెందదు. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని 1816లో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ నిరూపించారు. అయినా మనం ‘కనుగొనడం’ అంటాం. అందులో ఉన్నది ‘కను’, అంటే చూచు. ఇక ‘చూడు’ అనే క్రియ తెలుగులో చేయని పని లేదు. రుచి చూస్తాం, వాసన చూస్తాం, వైద్యుడు నాడి చూస్తాడు, ఒకసారి అడిగి చూస్తాం, చంటిపిల్లలను చూసుకుంటాం. మిగతా ఇంద్రియాల పనినీ చూపు మాటతో చెప్పే ఈ అలవాటు మన ఒక్కరిదే అనుకోనక్కర లేదు. ఎలా ధ్వనిస్తోందో చూడు, ఎలాంటి వాసనో చూడు అంటారే గాని, ఎలా వెలుగుతోందో విను అనరని సుమారు క్రీ.శ. 400లో లాటిన్ రచయిత సెయింట్ అగస్టీన్ తన ఆత్మకథలో గమనించారు.

అయితే ప్రపంచ భాషలన్నీ ఇలాగే ఉంటాయా? ఆస్ట్రేలియా ఆదివాసీ భాషలను పరిశీలించిన నికొలస్ ఎవాన్స్, డేవిడ్ విల్కిన్స్ 2000లో ఒక ముఖ్యమైన తేడా చూపించారు. అక్కడ ‘తెలుసుకొను’ అనే అర్థం ఎక్కువగా ‘విను’ అనే మాట నుంచి వచ్చింది. దీనికి మనం ఆశ్చర్యపోనక్కర లేదు. ‘విద్’ నుంచి పుట్టిన వేదానికే మనం ‘శ్రుతి’ అని, అంటే విన్నది అని, మరో పేరు పెట్టాం. పండితుణ్ణి బహుశ్రుతుడన్నాం. చదువు నోటి నుంచి చెవికి సాగిన సమాజంలో జ్ఞానానికి చెవి కూడా వాకిలి అయింది.

కంటిపాపలో బొమ్మ

కంటి మధ్య నల్లగా కనిపించే రంధ్రాన్ని ఇంగ్లీషులో ‘ప్యూపిల్’ అంటారు. విద్యార్థికీ అదే మాట. రెండూ లాటిన్ నుంచే వచ్చాయి. లాటిన్‌లో ‘ప్యూపిల్లా’ అంటే చిన్న పిల్ల, బొమ్మ అని అర్థం. గ్రీకులో దానికి వాడిన ‘కోరె’కు అమ్మాయి అని అర్థం. మనం కంటిపాప అంటాం. పాప అంటే పసిబిడ్డ. ఇన్ని భాషలు ఒకే ఊహకు వచ్చాయి. ఎదుటివారి కంట్లోకి దగ్గరగా చూస్తే మన రూపమే చిన్న బొమ్మలా కనిపిస్తుంది. కంటి ముందున్న పారదర్శక పొర, కార్నియా, కుంభాకార దర్పణంలా పనిచేసి చిన్నదైన నిటారు ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. భౌతికశాస్త్రం పాఠంలో మీరు గీసే కిరణ చిత్రమే ఇది.

ఇంగ్లీషులో అతి ప్రియమైనవారిని ‘యాపిల్ ఆఫ్ ది ఐ’ అనడమూ ఇక్కడిదే. కంటిపాప యాపిల్ లాంటి గుండ్రని ఘనవస్తువని భావించిన రోజుల్లో ఆ పేరు వచ్చింది. దాన్ని తెలుగులో ‘కంటి యాపిల్’ అంటే ఎవరికీ బోధపడదు. ‘కంటిపాప’, ‘కంటి వెలుగు’ అంటే చాలు. సి.పి. బ్రౌన్ 1852లో వెలువరించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును తిరగేసినా తెలిసే సత్యం ఇదే. మాటకు మాట పెడితే చాలదు, వాడుకకు వాడుక వెతకాలి.

కంటి నుంచి కిరణాలు వెళతాయా?

ఇంగ్లీషువారు చూపును ‘విసురుతారు’. ‘కాస్ట్ ఎ గ్లాన్స్’ అంటే అదే. వారి చూపు ‘గుచ్చుకుంటుంది’. మనమూ చూపు సారిస్తాం, చూపు నిలుపుతాం, చురచురా చూస్తాం. ఈ మాటలన్నింటిలో చూపు కంటి నుంచి బయటకు వెళ్లే వస్తువు. ఒకప్పుడు ఇది శాస్త్ర సిద్ధాంతమే. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ కంటి నుంచి కిరణాలు శంకువు ఆకారంలో బయలుదేరుతాయన్న భావనపై తన దృశాశాస్త్రాన్ని నిర్మించాడు. మన న్యాయదర్శనం కూడా నేత్రేంద్రియం కిరణ రూపంలో వస్తువును చేరుతుందని వాదించింది. రాత్రి తిరిగే జంతువుల కళ్లు మెరవడాన్ని న్యాయసూత్రాలు అందుకు ఆధారంగా చూపాయి. బౌద్ధ తార్కికులు ఈ వాదాన్ని ఖండించారు. పిల్లి కన్ను సొంతంగా వెలగదని, లోపలి పొర ఒకటి బయటి కాంతినే తిప్పి పంపుతుందని ఇప్పుడు మనకు తెలుసు.

సిద్ధాంతాన్ని తలకిందులు చేసినవాడు బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్ హైతమ్. ప్రకాశవంతమైన వెలుగును చూస్తే కన్ను నొప్పి పెడుతుంది. కళ్లు మూసుకున్నాక కూడా దాని ఛాయ కాసేపు నిలుస్తుంది. అంటే బయటి నుంచి ఏదో కంటిలోకి వస్తున్నదని 11వ శతాబ్దపు తొలి దశకాల్లో ఆయన తర్కించాడు. 1604లో కెప్లర్ కంటి లోపలి రెటీనా మీద తలకిందులైన ప్రతిబింబం ఏర్పడుతుందని వివరించాడు. ఎద్దు కన్ను వెనుక పొర తొలగించి ఆ ప్రతిబింబాన్ని చూసే ప్రయోగాన్ని 1637లో డెకార్ట్ వర్ణించాడు. శాస్త్రం మారింది, భాష మారలేదు.

భాష మారకపోతే నష్టమేమిటి? అమెరికాలో జెరాల్డ్ వైనర్, సహచరులు 2002లో ప్రచురించిన పరిశోధనా వ్యాసం ప్రకారం, చూసేటప్పుడు కంటి నుంచి ఏదో బయటకు వెళుతుందని కళాశాల విద్యార్థులలో కూడా చాలామంది నమ్మారు. పాఠం చెప్పినా ఆ నమ్మకం తేలికగా వదలలేదు. మన దగ్గర దీనికి మరో పేరుంది. ‘దృష్టి’ వికృతి రూపమే ‘దిష్టి’. గుమ్మానికి కట్టే గుమ్మడికాయ, చంటిబిడ్డ బుగ్గన పెట్టే చుక్క, ఢిల్లీ రోడ్ల మీద లారీ వెనుక వేలాడే చెప్పు, ఇంగ్లీషువారి ‘ఈవిల్ ఐ’, అన్నీ ఒకే పాత భావన గుర్తులు. చుక్క వల్ల హాని లేదు. బిడ్డకు జ్వరం వస్తే దిష్టి తీసి వైద్యుని దగ్గరకు వెళ్లడం ఆలస్యం చేస్తే మాత్రం హాని ఉంది.

సాక్షి, న్యాయదేవత

దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌లో కోర్టుల సముదాయం ఉంది. అక్కడ రోజూ వినిపించే మాట ‘సాక్షి’. స్వయంగా చూసినవాడు అనే అర్థంలో పాణిని తన అష్టాధ్యాయిలో ఈ పదాన్ని సాధించాడు. ఇంగ్లీషు ‘విట్నెస్’ మూలంలో జ్ఞానం అనే అర్థమే ఉంది. ఇక న్యాయదేవత కళ్లకు గంతలు నిష్పక్షపాతానికి చిహ్నమని చెబుతారు. కానీ 1494లో బాసెల్‌లో అచ్చయిన సెబాస్టియన్ బ్రాంట్ పుస్తకంలోని బొమ్మలో ఆ గంతలు కడుతున్నవాడు ఒక మూర్ఖుడు, అది ఎగతాళి. తరువాతి కాలంలో అదే గౌరవ చిహ్నమైంది. మన సుప్రీంకోర్టులో నెలకొల్పిన కొత్త విగ్రహానికి గంతలు లేవు. చేతిలో కత్తి స్థానంలో రాజ్యాంగం ఉంది. చట్టం అందరినీ సమానంగా చూస్తుందని అందులోని భావం.

2024 జూలైలో సుప్రీంకోర్టు, వైకల్యం ఉన్నవారిని తెరపై చూపేటప్పుడు అవమానకరమైన మాటలు వాడకూడదని మార్గదర్శకాలిచ్చింది. చూపు జ్ఞానమైతే, చూపు లేకపోవడం అజ్ఞానమన్నట్టు మన భాషలు చాలాకాలం నడిచాయి. ‘గుడ్డి నమ్మకం’ అన్నప్పుడు ఆ నమ్మకానికీ, చూపులేని మనిషికీ సంబంధమేమిటి? ‘ఆలోచన లేని నమ్మకం’ అంటే అర్థం ఇంకా స్పష్టంగా ఉంటుంది. చూపులేనివారు వేళ్లతో చదవడానికి లూయీ బ్రెయిల్ 1829లో ప్రచురించిన లిపి, జ్ఞానానికి కన్ను ఒక్కటే దారి కాదని నిరూపించింది.

జాతీయాన్ని అర్థంతో పాటు చరిత్రతో సహా నేర్చుకోండి. అది ఏ కాలపు నమ్మకాన్ని మోస్తున్నదో, ఎవరినైనా నొప్పిస్తున్నదేమో ప్రశ్నించండి. చూపు విసరవచ్చు, చూపు సారించవచ్చు. ఆ మాటల అందం మనదే. కాంతి మాత్రం వస్తువు నుంచి కంటికే వస్తుందని మరచిపోకండి.