కుగ్లర్ దొరసానిగారి వైద్యము: డాక్టరు యోగ్యతను గురించి కొన్ని మాటలు

శతాబ్ది సంచికకు వ్యాసము వ్రాయమని కమిటీవారు కోరినప్పుడు, దేవాలయ నిర్మాణములను గురించి, తొలి బాప్తిస్మములను గురించి వ్రాయుటకు మాకంటె పెద్దలున్నారని చెప్పి, మేము వైద్యమును గురించి వ్రాస్తామన్నాము. గుంటూరు మిషను ఆసుపత్రి మన డయాసిస్‌ది కాదు, లూథరన్ సహోదరులది. అయినను మన గ్రామముల నుండి పురిటి నొప్పులతో ఎడ్లబండ్ల మీద గుంటూరు చేరి, పసిబిడ్డతో తిరిగి వచ్చిన అవ్వల కథలు మన ఇండ్లలో ఇంకా చెప్పుకొంటూనే ఉన్నారు. మన చరిత్ర వ్రాసేటప్పుడు మన కంచె లోపలనే నిలిచిపోవలసిన పని లేదు.

డాక్టర్ అన్నా సారా కుగ్లర్‌గారు 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో, ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించారు. ఆ రోజులలో స్త్రీలకు వైద్యవిద్య చెప్పు కళాశాలలు లోకములో వ్రేళ్లమీద లెక్కింపదగినవి. వాటిలో 1850లో ఫిలడెల్ఫియాలో స్థాపించిన స్త్రీల వైద్య కళాశాల ఒకటి. కుగ్లర్‌గారు 1879లో అక్కడ ఎం.డి. పట్టా పొందారు. పిమ్మట ఏడేండ్లకు, 1886లో, మన దేశమునుండి వెళ్లిన ఆనందీబాయి జోషీగారు పట్టా పుచ్చుకొన్నది కూడ ఆ కళాశాలలోనే. పట్టా చేతికి రాగానే కుగ్లర్‌గారు తొందరపడి ఓడ ఎక్కలేదు. నారిస్‌టౌన్‌లోని మానసిక వైద్యశాలలో, స్త్రీల విభాగములో పనిచేసి చేతికి అనుభవము తెచ్చుకొన్నారు.

గుంటూరులో పనిచేయుచున్న ఒక మిషనెరీగారు, ఇచ్చటి స్త్రీలకు లేడీ డాక్టరు ఎంత అవసరమో ఆమెకు ఉత్తరము వ్రాశారు. ఆమె సిద్ధపడి తమ సంఘ స్త్రీల మిషనెరీ సమాజమునకు దరఖాస్తు చేసుకొన్నారు. సమాజమువారి జవాబు మాకు ఇప్పటికిని వింతగానే ఉంటుంది. వైద్యసేవ ప్రారంభించుటకు తాము ఇంకా సిద్ధముగా లేమనియు, కావాలంటే ఉపాధ్యాయురాలిగా, ఘోషా స్త్రీల ఇండ్లకు వెళ్లి బోధించు పనికి పంపుతామనియు చెప్పారు. పట్టా ఉన్నది, అనుభవమున్నది, పిలుపున్నది. డాక్టరను హోదా మాత్రము ఇవ్వరు! ఆమె వాదించి కూర్చోలేదు. ఇచ్చిన పనినే ఒప్పుకొని, మందులపెట్టె వెంట తెచ్చుకొని, 1883 నవంబరు ఆఖరున గుంటూరు చేరారు.

ఇక్కడ ఒక పాత సంగతి జ్ఞాపకము చేసుకొనవలెను. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్‌గారు పాదిరి మాత్రమే. రోగులు తమ యొద్దకు రావడము చూచి, సెలవు మీద స్వదేశము వెళ్లినప్పుడు బాల్టిమోర్‌లో వైద్యము చదివి, 1847లో పట్టా పుచ్చుకొని తిరిగి వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు. థియొలాజికల్ కాలేజీలో మూడేండ్ల చదువుకే ఆపసోపాలు పడిన మావంటివారికి ఆ సంగతి తలచుకొంటే సిగ్గు వేస్తుంది. తెలిసినదేదో ఇచ్చి ప్రార్థించితే చాలునని ఆయన అనుకొనలేదు. పాదిరిగారి మంచితనము డాక్టరు చదువుకు బదులు కాదని ఆయనకు తెలుసు.

కుగ్లర్ దొరసానిగారు బడిపని, జెనానా పని చేస్తూనే, పిలిచిన ఇంటికెల్లా వెళ్లారు. మొదటి సంవత్సరములోనే రోగుల ఇండ్లలోను, తమ బంగళాలోను కలిపి 400 మందికి పైగా చూచారు. మిషను రికార్డులో ఆమె అప్పటికి డాక్టరు కాదు; ఊరిలో మాత్రము డాక్టరే. 1885 డిసెంబరులో గాని సమాజమువారు ఆమెను వైద్య మిషనెరీగా నియమించలేదు. రోగులు ముందు గుర్తించారు, కమిటీ తరువాత గుర్తించినది. (కమిటీల సంగతి మన పాఠకులకు మేము చెప్పనక్కర లేదు.)

ఆ రోజుల వైద్యము ఎట్లుండేదో నేటి యౌవనస్థులు ఊహించుట కష్టము. ఇంటి వైద్యము వేరు, అత్యవసర వైద్యము వేరు అను విభజన లేదు. పగలు పిల్లవాని జ్వరము చూచిన డాక్టరే, రాత్రి రెండు మూడు దినములుగా నొప్పులు పడుచున్న తల్లి మంచము ప్రక్క లాంతరు వెలుతురులో కూర్చోవాలి. మంత్రసాని చేతనైనదంతా చేసిన తరువాత, ఇక దిక్కులేదన్నప్పుడు దొరసానిగారికి కబురు పంపేవారు. ఇది ఆ కాలపు మిషను రిపోర్టులలో మరల మరల కనబడే సంగతి. మగ డాక్టరు ఉన్నను ఘోషా ఇండ్లలో గడప దాటలేడు. తెర అవతలనుండి చెప్పిన లక్షణములు విని మందివ్వవలసినదే. కొన్ని ఇండ్లవారు పరాయి చేతి నీళ్లు కలిసిన మందు ముట్టరు గనుక, పొడి మందు ఇచ్చి వారి నీళ్లతోనే కలుపుకొనుమని చెప్పవలసి వచ్చేది. ఇంటివారి ఆచారమేమి, అత్తగారి మాట ఎంతవరకు చెల్లును, మందు నిజముగా లోపలికి పోయినదా, పెరట్లో పారబోసినారా, ఇవన్నీ తెలిసిన డాక్టరే ఫ్యామిలీ డాక్టరు. ఆ పేరు అప్పటికి మన ఊళ్లలో లేదు గాని పని ఉన్నది.

సెలవులో స్వదేశము వెళ్లినప్పుడు కూడ ఆమె ఆసుపత్రికి విరాళములు ప్రోగుచేస్తూనే ఉన్నారు. మొదట డిస్పెన్సరీ, తరువాత 1890ల దశకము ముగియునప్పటికి స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి లేచినవి. ఏలూరు జమీందారు భుజంగరావుగారు తమ కుటుంబములో జరిగిన వైద్యమునకు కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగి వంట చేసుకొనుటకు సత్రము కట్టించి ఇచ్చారు. ఆసుపత్రి అన్నము తినని కులములవారు కూడ దానివలన రోగిని తెచ్చి ఉంచగలిగారు. మందుకంటె ముందు వంటపొయ్యి సమస్య తీరవలసిన కాలమది. ప్రభుత్వము ఆమెకు 1905లో కైసర్-ఇ-హింద్ పతకము, 1917లో మరల అదే గౌరవము ఇచ్చినది. 1930 జూలై 26న గుంటూరులోనే ఆమె ప్రభువునందు నిద్రించారు. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచినది.

ఇక యోగ్యతా పత్రముల సంగతికి వస్తాము. కుగ్లర్‌గారు వచ్చిననాడు మదరాసు రాజధానిలో ఎవరు డాక్టరు, ఎవరు కాదు అని నిర్ణయించు రిజిస్టరే లేదు. మదరాసు మెడికల్ రిజిస్ట్రేషన్ చట్టము 1914లో వచ్చినది. లేని పట్టాలు పేరు ప్రక్కన తగిలించుకొనుటను అరికట్టుటకు 1916లో మెడికల్ డిగ్రీల చట్టము వచ్చినది. నర్సులకు, మంత్రసానులకు మదరాసులో 1926లో చట్టము చేశారు. 1918లో వేలూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్‌గారు స్త్రీలకు ఎల్.ఎం.పి. చదువు ప్రారంభించగా, పలు మిషనులు తమ యువతులను అక్కడికి పంపినవి. మన పెద్దలు "ఎల్.ఎం.పి. డాక్టరుగారు" అని గౌరవముగా చెప్పుకొనేది ఈ చదువు చదివినవారినే. 1946లో భోర్ కమిటీ దేశమంతటికి ఒకే తరగతి డాక్టరు ఉండవలెనని చెప్పిన పిమ్మట ఆ చదువు క్రమముగా మూతబడినది. వేలూరు 1942లోనే ఎం.బి.బి.ఎస్.కు మారినది.

ఆ నిర్ణయము తప్పని మేమనము. కాని ఎల్.ఎం.పి. డాక్టరు వెళ్లిన తరువాత చాల పల్లెలకు ఎం.బి.బి.ఎస్. డాక్టరు రాలేదు. ఆ ఖాళీలోనికి వచ్చినవాడే మనమందరము ఎరిగిన ఆర్.ఎం.పి. ఈ మాటలోని తమాషా గమనించండి. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అనగా చట్టములో రిజిస్టరులో పేరున్న డాక్టరు. మన ఊళ్లలో మాత్రము ఏ రిజిస్టరులోను పేరు లేనివానికి అది బిరుదైనది. ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా నాలుగేండ్లు చేసి, సంచి తగిలించుకొని వస్తాడు. పిలిస్తే అర్ధరాత్రియైనా వస్తాడు, అప్పు పెడతాడు, ఇంటిల్లిపాదిని పేరుపెట్టి పలుకరిస్తాడు. కుగ్లర్‌గారి గుణములలో సగము అతనిలో ఉన్నవి. లేనిది ఆ రెండవ సగము.

ఆ రెండవ సగము లేకుంటే ఏమగునో మేము కన్నులార చూచాము. కొన్నేండ్ల క్రిందట మా సంఘ పెద్ద ఒకరికి తెల్లవారుజామున ఛాతీలో బరువు, చెమటలు పట్టినవి. వారింటివారు ముందుగా పిలిచినది మమ్మును. మేము పిలిచినది ఆర్.ఎం.పి.ని. అతడు గ్యాస్ అని చెప్పి ఇంజెక్షను చేసి, సెలైను ఎక్కించాడు. మేము మంచము ప్రక్క మోకరించి ప్రార్థన చేశాము. 108 అంబులెన్సు మన రాష్ట్రములో 2005 ఆగస్టు 15 నుండి ఉన్నదని మాకు తెలియక కాదు. ఆ గడియలో తోచలేదు, అంతే. రెండు గంటలు గడచిన తరువాత పట్టణములో ఈ.సీ.జీ. తీసిన డాక్టరుగారు, గుండె రక్తనాళము మూసుకొనిపోయినదనియు, రక్తమందని కండరము నిమిషనిమిషమునకు చచ్చిపోవుచుండుననియు, మొదటి గంటలో వచ్చియుంటే చాల భాగము దక్కేదనియు చెప్పారు. మమ్మును ఎవరును నిందించలేదు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించినది.

లూకా వైద్యుడని కొలొస్సయుల పత్రికలో చదువుతాము. రక్తస్రావము గల స్త్రీ కథలో, వైద్యులవలన ఆమె బాధ ఎక్కువైనదని మార్కు వ్రాస్తే, లూకా ఎవరును స్వస్థపరచలేకపోయిరని మాత్రము మృదువుగా వ్రాస్తాడు. తన వృత్తివారిని కాపాడుకొన్నాడని మా ప్రొఫెసరుగారు నవ్వేవారు. ఇప్పుడు మాకు మార్కు మాటయే ఎక్కువ వినబడుచున్నది.

నేడు కుటుంబ వైద్యము, అత్యవసర వైద్యము రెండును ప్రత్యేక చదువులైనవి. వేలూరువారు 2006లో, పనిచేయుచున్న ఎం.బి.బి.ఎస్. డాక్టర్లకు దూరవిద్యగా కుటుంబ వైద్యములో డిప్లొమా ప్రారంభించారు. అత్యవసర వైద్యమును మన మెడికల్ కౌన్సిల్ 2009లో ప్రత్యేక శాఖగా గుర్తించినది. అంతకుముందు పెద్ద ఆసుపత్రులలోనైనను క్యాజువాలిటీలో కూర్చొనేది ఎక్కువగా అప్పుడే చదువు ముగించిన కుర్ర డాక్టరే. ఇప్పుడు శ్వాస, రక్తపోటు, తెలివి, వీటిని మొదటి నిమిషములలో నిలబెట్టుటయే ఒక చదువు. డాక్టరు తన రిజిస్ట్రేషను నంబరును క్లినిక్‌లోను, మందుచీటీ మీదను చూపవలెనని 2002 నిబంధనలలోనే ఉన్నది. అడుగుట మర్యాద కాదని మనము అనుకొంటున్నాము. పాదిరిగారి అభిషేక పత్రము అడుగనివారమా మనము? కొత్త పాస్టరు వస్తే ఏ కాలేజీ, ఏ సంవత్సరము అని మొదటి ఆదివారమే విచారిస్తాము గదా.

మా సంఘ పెద్దగారు బ్రదికియున్నారు. మెట్లెక్కలేరు, ఆరాధనకు వచ్చి వెనుక బల్లమీద కూర్చొంటారు. ఆ ఆర్.ఎం.పి. ఇప్పటికిని వారింటికి వస్తాడు, కాలి పుండుకు కట్టు కడతాడు. ఆ ఉదయము తరువాత అతడు సంచి జేబులో ఒక కాగితము పెట్టుకొన్నాడు. ఛాతీ నొప్పి, మూతి వంకర, ఆగని రక్తము, పాముకాటు అని వ్రాసుకొని, వాటి క్రింద 108 అని పెద్ద అక్షరములతో వ్రాసుకొన్నాడు. మొన్న మా వీధిలో ఒకరికి మూతి వంకర పోయినప్పుడు సంచి విప్పకుండ ముందు ఫోను చేసినది అతడే.